కానియ్యి అన్నందుకు

మొదటి చెక్క ఊడిన చప్పుడుకే పద్మమ్మ చేతిలోని చెంబు కింద పెట్టేసింది.

ట్రాక్టర్ వచ్చి వాకిట్లో ఆగినప్పుడు, ఆగిపోయిన పని మళ్లీ మొదలవుతుందని ఆశపడింది. మేనల్లుడు భానుప్రకాశ్ మనసు మెత్తబడిందని గోడమీది పటానికి దండం కూడా పెట్టుకుంది. తీరా ఇంటి వెనక్కి వచ్చి చూస్తే, ఇద్దరు మనుషులు మగ్గం గది గోడల మీద నిలబడి, స్లాబు పోయడానికి పరిచిన సెంట్రింగ్ చెక్కలను ఒక్కొక్కటే ఊడదీసి కిందికి అందిస్తున్నారు. కింద కూలిమనిషి రుక్కమ్మ వాటిని నెత్తికెత్తుకుని ట్రాక్టర్‌కు మోస్తోంది.

"ఏందే రుక్కమ్మా ఇది? స్లాబు పొయ్యకముందే చెక్కలు ఇప్పుతరా ఎవరన్న?"

"నన్నడిగితే నాకేం తెలుస్తది పెద్దమ్మా. కట్టుమంటే కడతం, ఇప్పుమంటే ఇప్పుతం. మల్దకల్ల ఇంకో ఇంటికి పోవాల్నంట ఈ చెక్కలు."

"మరి మా ఇల్లు?"

రుక్కమ్మ నెత్తిమీది బరువును సర్దుకుంది. "మీరు మీరు సుట్టాలు. కడుపుల ఉన్నది మాకు చెప్తరా? జర పక్కకు జరుగు పెద్దమ్మా, మెడ ఇరుగుతుంది."

పద్మమ్మ జరిగింది. ఎవరు జరగమన్నా జరిగే అలవాటు ఆమెది.

కానీ కోడలు మమత జరగలేదు. పొయ్యి మీద పాలు అట్లాగే వదిలేసి వచ్చి, వాకిలికి అడ్డంగా నిలబడింది.

"దించు అక్కా ఆ చెక్క."

"దించితే నా కూలి నువ్విస్తవా చెల్లె?"

"ఇయ్య. కానీ ఆ చెక్క ఈ గడప దాటనియ్య."

"గట్లనే నిలబడు మరి. నేను గూడ నిలబడత. ఎవరి కాళ్లు ముందుగాల గుంజుతయో చూద్దాం," అంది రుక్కమ్మ. నవ్వులాటకే అంది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడే భానుప్రకాశ్ బండి వచ్చి ఆగింది.

పద్మమ్మ తమ్ముడు చెన్నయ్యకు అతనొక్కడే కొడుకు. వనపర్తిలో ఉండి ఇళ్లు కట్టించే, పాత ఇళ్లు బాగుచేయించే పనులు గుత్తకు పట్టుకుంటాడు. రోజూ ఇంట్లో అడుగుపెడుతూనే "అత్తా, చాయ" అనేవాడు. ఈరోజు చెప్పులు విడిచాడు గానీ, లోపలికి రాలేదు.

"మంచినీళ్లు తాగు బిడ్డా," అంది పద్మమ్మ.

"వద్దత్తా."

ఇంటికి వచ్చినవాడు నీళ్లు వద్దన్నాడంటే, ఇల్లు వద్దన్నట్టే.

మమత వాకిలి వదలకుండానే అతని వైపు తిరిగింది. "చెక్కలెందుకు తీపిస్తున్నవన్నా?"

"అద్దె చెక్కలమ్మా. పని నడవని కాడ పెట్టి ఉంచితే అద్దె ఎవరు కట్టాలె?"

"పని ఆపింది నువ్వు."

"పైసలు రాక ఆపిన."

"ఏం పైసలు? గోడలు, స్లాబు, నేల, బాత్రూము, అన్నీ కలిపి ఒక్కటే గుత్త మాట్లాడినం. స్టీలు రేటు పెరుగుతది, ముందుగాలనే కొనాలె అంటివి. ముప్పావు ముందే ఇస్తిమి. స్లాబు పొయ్యకుంటనే టైల్స్ ఏపిస్తివి, పని చూస్తే సగం గాలే."

"గుత్తల ఉన్నదానికి గుత్త. గుత్తల లేనిదానికి?"

భానుప్రకాశ్ జేబులోంచి ఫోన్ తీశాడు. వేలితో పైకి జరుపుతూ చదివాడు. "ఒక కిటికీ అన్నం, రెండు పెట్టిన. గోడలు ఇంకింత ఎత్తు లేపిన. బాత్రూముల మామూలు బండలు అనుకున్నం, టైల్స్ ఏసిన. గోడల గూడు కట్టిన. మెట్లకు రెండు దిక్కుల గోడ పెట్టిన. ఇవన్నీ వట్టిగనే వస్తయా?"

"ఎవరు చెయ్యమన్నరు?"

అతను మమత వైపు చూడలేదు. "అత్తను అడుగు," అన్నాడు.

పద్మమ్మ కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

నిజమే. రోజూ పొద్దున చాయ తాగుతూ అడిగేవాడు. అత్తా, మగ్గానికి వెలుతురు చాలదు, ఇంకో కిటికీ పెడదామా? నీకు తెల్వదా బిడ్డా, కానియ్యి. అత్తా, గోడ ఇంకింత లేపితే ఉడక పొయ్యదు, ఏమంటవు? కానియ్యి. అత్తా, ఇక్కడొక గూడు ఉంటే నూలు పెట్టుకోవచ్చు. కానియ్యి బిడ్డా, కానియ్యి.

ఆమె నోట ఆ మాట పొద్దుకు ఎన్నిసార్లు వస్తుందో ఆమెకే తెలియదు. భర్త కసురుకుంటే కానియ్యి అనేది. పాలవాడు నీళ్లు కలిపితే కానియ్యి అనేది. చుట్టం లేచి వెళ్తానంటే, మనసులో ఉండమని ఉన్నా, కానియ్యి అనేది. ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా చేసే మాట అది. దానికి రేటు కడతారని ఆమెకు తట్టలేదు.

"అడిగి చేసిన్నా, అడగకుంట చేసిన్నా? చెప్పత్తా."

"అడిగినవు బిడ్డా."

"ఏమన్నవు?"

"కానియ్యన్న."

"విన్నవా మమతా?"

"విన్న," అంది మమత. "గూడు పెడదామా అన్నవు. గూటికి ఇంత అయితదని చెప్పినవా? రేటు చెప్పి అడిగితే అది అడుగుడు. చాయ తాగుకుంట అడిగితే ముచ్చట. ముచ్చటకు బిల్లు ఏస్తరా అన్నా?"

"మా మేనత్తతోని చాయ తాగుకుంట గాక, వకీలును కూసోబెట్టుకొని మాట్లాడాల్నా?"

"మాట్లాడాలె. గందుకే నేను మొదట్లనే మొత్తుకున్న. రెండు ముక్కలు రాసుకుందాం, ఏమేం చేస్తరు, ఎంతకు చేస్తరు, కొత్తది ఏది కలిపినా ముందుగాల దాని ధర రాసి సంతకం పెట్టుకున్నంకనే చెయ్యాలె అని. ఆఖరి పైసలు పని అయినంకనే ఇద్దామని గూడ అన్న. ఎవరు విన్నరు నా మాట?"

ఎవరు వినలేదో అందరికీ తెలుసు. పద్మమ్మ తల ఇంకా కిందికి దిగింది.

"సరే," అంది మమత. "నేల సంగతి గూడ చెప్పు. మామ ఇంట్లనే ఉన్నడు. ఆయన ముందట చెప్పు."

భానుప్రకాశ్ మగ్గం గది గుమ్మం దాకా వెళ్లి లోపలికి చూశాడు.

కప్పు లేని ఆ గదిలో, కొత్త టైల్స్ నేల మీద పద్మమ్మ భర్త కిష్టయ్య కూర్చుని ఉన్నాడు. మగ్గం కర్రలన్నీ విప్పి గోడకు చేర్చి ఉన్నాయి. సగం నేసిన చీర, దాని వెనుక నేయాల్సిన పడుగు దారాలు, అన్నీ చుట్టచుట్టి టార్పాలిన్‌లో కట్టి పెట్టారు.

అది గుంట మగ్గం. నేతగాడు నేలమీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేయాలి. కిష్టయ్య తండ్రి తవ్విన గుంట అది. చీర అంచులు పట్టుతో, నడుమ నూలుతో, రెండూ కలిసేచోట ముడి కనబడకుండా ఆ గుంటలో కాళ్లు పెట్టుకునే నేశాడు ఇన్నేళ్లూ.

ఇంటిల్లిపాదీ శ్రీరంగాపూర్‌లో చుట్టాల పెళ్లికి పోయి వచ్చేసరికి గుంట లేదు. రాళ్లు, మట్టి నింపి, పైన కాంక్రీటు పోసి, టైల్స్ పరిచారు. గది గోడ నుంచి గోడ దాకా నున్నగా ఉంది. చూసిన రోజు కిష్టయ్య ఏమీ అనలేదు. ఆ తరువాత కూడా ఏమీ అనలేదు. భార్యతో, కోడలితో, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

"మామా," అన్నాడు భానుప్రకాశ్ గుమ్మంలోంచి. "నేను చెడగొడదామని చెయ్యలే. నేలంత ఒక్క తీరు చేద్దామా అత్తా అని అడిగిన. కానియ్యన్నది."

"టైల్స్ రంగు అనుకున్న," అంది పద్మమ్మ మెల్లగా. "ఒక్క తీరంటే ఒక్కటే రంగు అనుకున్న బిడ్డా. గుంట పూడ్చుతవని నాకేం ఎర్క? మగ్గం ఉన్న ఇంట్ల గుంట ఎవరన్న పూడుస్తరా?"

"మా ఇంట్ల ఉన్నదా అత్తా గుంట? నేను పుట్టకముందే నాయిన మగ్గం అమ్మేసి వనపర్తి వచ్చిండు. నాకేం తెలుస్తది? గుంట చూసిన, మామ పెద్దమనిషి అయిండు, ఎన్ని దినాలు గుంటల కాళ్లు పెట్టి కూసుంటడు, కాళ్లు చాపుకొని కూసోనీ అనుకున్న. దానికి ఒక్క పైస ఎయ్యలే నేను. నా తరపున చేసిన."

కిష్టయ్య తల ఎత్తలేదు. కాళ్లు ఒకసారి ముడుచుకుని, మళ్లీ ఒక పక్కకు పెట్టుకున్నాడు. ఆ నేలమీద కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు ఇంకా తెలియడం లేదు.

"మల్ల తవ్వియ్యి మరి," అంది మమత.

"టైల్స్ పగలగొట్టాలె. కింద కాంక్రీటు కొయ్యాలె. మిషన్ తేవాలె. దానికి లెక్క వేరే అయితది."

మమత నవ్వింది. ఏడుపు కంటే అన్యాయంగా ఉంది ఆ నవ్వు. "బాగున్నదన్నా. పూడ్చుడు ఫ్రీ. తవ్వుడుకు పైసలు."

భానుప్రకాశ్ వెనక్కి తిరిగి, గోడమీది మనుషులతో "జల్ది కానియ్యండ్రి," అన్నాడు.

ఆ మాటకు పద్మమ్మ ఉలిక్కిపడింది.

"పొద్దుమూకే సరికి నాయిన వస్తడత్తా. ఏదన్న ఉంటే ఆయనతోనే మాట్లాడుండ్రి. నాకు అడ్డం నిలబడితే చెక్కలు రాక మల్దకల్ పని ఆగుతది. గప్పుడు ఇద్దరం మునుగుతం."

రుక్కమ్మ ఇంకా చెక్క మోసుకుని నిలబడే ఉంది. మమత పొంగిపోయిన పాల వాసనకు లోపలికి పరుగెత్తింది. ఖాళీ అయిన వాకిలిలోంచి రుక్కమ్మ బయటికి నడిచింది.

పద్మమ్మ ఆపలేదు.

*

మధ్యాహ్నం పద్మమ్మ జొన్నరొట్టె, పప్పు పళ్లెంలో పెట్టుకుని మగ్గం గదిలోకి వెళ్లింది. చెక్కలు పోయాక గదిలో ఎండ నిలువునా పడుతోంది. కిష్టయ్య కిటికీ కింద ఉన్న కొద్దిపాటి నీడలోకి జరిగి కూర్చున్నాడు. అదే ఆమె కానియ్యి అన్న రెండో కిటికీ.

"జర తిను."

ఆయన తిన్నాడు. ఆమెతో కోపం ఉన్నవాడిలా తినలేదు. ఆకలి ఉన్నవాడిలా కూడా తినలేదు.

"షావుకారు మనిషి మల్ల వచ్చిండు," అంది పద్మమ్మ. "చీర ఎప్పుడు నేసి దించుతరని అడిగిండు. నేసేది లేకుంటే నూలు, పట్టు తిరిగి ఇచ్చేయమంటుండు. ఏం చెప్పాలె?"

రొట్టె తుంచే చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"ఒక్క మాట తిట్టరాదా నన్ను," అంది ఆమె. "తిడితే నా పానం తేలికైతది."

ఆయన పళ్లెం పక్కకు పెట్టి, చెయ్యి కడుక్కుని, పూడ్చిన గుంట ఉన్నచోట అరచేతిని నేలమీద ఆనించి కూర్చున్నాడు.

మమత ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మీ కొడుకు. మీతో మాట్లాడతడంట."

సురేష్ నాగర్‌కర్నూల్‌లో ఒక దాణా దుకాణంలో పని చేస్తాడు. ఇంటి పనికి ఇచ్చిన ముందస్తు డబ్బులో సగం అతను దుకాణం యజమాని దగ్గర జీతం మీద అప్పుగా తెచ్చిందే. ఫోన్‌లో వెనుక బస్తాలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అమ్మా, రేపు సెలవు పెట్టి వస్తున్న. బావ మీద పోలీస్ టేషన్ల దరఖాస్తు ఇస్త."

"వద్దురా. నీ మామ వస్తుండు ఇయ్యాల. మాట్లాడత."

"మామ ఏం చేస్తడమ్మా? కొడుకును కొడతడా? పైసలు తిరిగి ఇస్తడా?"

"తోడబుట్టినోడు. నా మాట తీసెయ్యడు."

"నీ మాటనా? నీ మాట ఏందమ్మా అసలు? నీ జన్మల ఒక్కనాడన్న వద్దు అన్నవా ఎవరితోనన్న? నాకిప్పుడు వద్దన్నవు. గా వద్దేదో ఆ రోజు గూడు పెడదామన్నప్పుడు అంటే అయిపోవు గదా."

అవతల సురేష్ గొంతు కొంచెం తగ్గింది.

"పోనీ, మమత చెప్పినప్పుడు కాయితమన్న రాసుకోనిస్తే అయిపోవు. ఎందుకు వద్దన్నవమ్మా? నాకిప్పటికీ సమజ్ కాలే."

ఎందుకు వద్దన్నదో పద్మమ్మ చెప్పలేదు. చెబితే నవ్వుతాడు.

ఆమె ఈ ఇంటికి వచ్చాక కాగితం రాయడం చూసింది మొదట కిష్టయ్య అన్న పెంటయ్య వేరుపడిన నాడు. అంతకుముందు అన్నదమ్ములు ఒకే పళ్లెంలో తినేవాళ్లు. మగ్గం తమ్ముడికి, బావి దగ్గరి పొలం చెక్క అన్నకు అని రాశారు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. పెంటయ్య కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకుని, పెళ్లాంపిల్లలతో రాజోలి వెళ్లిపోయాడు. వెళ్తూ వాకిట్లో నిలబడి "వస్త పద్మా" అన్నాడు. రాలేదు. ఆయన పోయిన కబురు కూడా దినాలు అయిపోయాకే తెలిసింది. కాగితం రాసుకున్నాక కబురు చెప్పేదేముంది అన్నారంట వాళ్ల పిల్లలు.

తరువాత ఆడపడుచు కూతురికి విడాకులు రాసిన నాడు మళ్లీ కాగితం చూసింది. అదే గీతలు, అవే సంతకాలు.

కలిసి ఉండేవాళ్లు కాగితం రాసుకోగా ఆమె ఎన్నడూ చూడలేదు. పెళ్లికి లగ్నపత్రిక తప్ప ఒప్పందం రాయరు. పిల్లలు పుడితే రాయరు. తమ్ముడి కొడుకుతో ఇల్లు కట్టిస్తూ కాగితం తెమ్మంటే, ఇప్పుడే తెగదెంపులకు ముహూర్తం పెట్టినట్టు అనిపించింది. అందుకే ఆ రోజు మమత తెచ్చిన తెల్లకాగితం లాక్కుని పొయ్యిలో పెట్టింది. మనోళ్ల నడుమ కాయితమేందే, పాలు పంచుకునేతందుకా అంది.

ఈరోజుకు ముందు జీవితంలో ఆమె వద్దన్నది ఆ ఒక్కదాన్నే.

"అమ్మా, ఉన్నవా?"

"ఉన్న."

"మామతోని మాట్లాడు. రేపటిదాక ఆగుత. రేపు మాత్రం ఆగ."

*

చెన్నయ్య దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. వనపర్తి బస్సు దిగి నడిచి వచ్చినట్టున్నాడు, కాళ్ల నిండా దుమ్ము. చేతిలో అరటిపళ్ల సంచి ఉంది. అక్క ఇంటికి ఎప్పుడూ వట్టి చేతులతో రాడు.

ఆయన నీళ్లు తాగాడు. పద్మమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

"యాడ బావ?"

"గాడనే. మగ్గం గదిల."

చెన్నయ్య లోపలికి వచ్చి, పైకి చూసి, ఆకాశం కనబడేసరికి ఏమనాలో తోచక, "గాలి మంచిగొస్తుంది," అన్నాడు. అన్నాక తనకే సిగ్గేసింది. కిష్టయ్యకు ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. "బావా," అన్నాడు. కిష్టయ్య తలూపాడు. అంతే.

మమత దీపం తెచ్చి గూట్లో పెట్టింది. ఆ గూడు కూడా బిల్లులో ఉన్నదే.

"చిన్నాయనా, దాచకుంట చెప్పు," అంది మమత. "మేమిచ్చిన పైసలు ఏమైనయి?"

చెన్నయ్య చాలాసేపు చేతులు నలుపుకున్నాడు.

"వాడు మూడిండ్లు మొదలుపెట్టిండు బిడ్డా. ఒక్కటి గూడ అయిపోలే. ఈ ఇంటి పైసలు ఆ ఇంట్ల పెట్టిండు, ఆ ఇంటివి ఇంకో ఇంట్ల పెట్టిండు. మీరు స్టీలుకిచ్చిన పైసలు మల్దకల్ ఇంట్ల గోడలైనయి. స్టీలు దుకాణపోడు పొద్దుమాపు మా ఇంటి ముందటనే కూసుంటుండు. మా కోడలు పుస్తెలు కుదువ పెట్టింది. ఆ పిల్ల మాతోని మాట్లాడుత లేదు."

"అంటే మా స్లాబు లేదన్నట్టే," అంది మమత.

"వాని దగ్గర ఏం లేదు. నీళ్లల్ల మునిగినోని చెయ్యి పట్టుకొని గుంజితే మీరు గూడ మునుగుతరు."

"వానలొస్తున్నయి చిన్నాయనా. నెత్తిమీద కప్పు లేదు."

"ఎర్క బిడ్డా."

"ఎర్కుంటే ఏం ఫాయిద?"

పద్మమ్మ మధ్యలోకి వచ్చింది. "పోనీయ్యే మమతా. చెన్నా, పైసల సంగతి తర్వాత చూద్దాం. పిలగానికి చెప్పు, గా గుంట ఒక్కటి తవ్వియ్యమను. గుంట ఉంటే పైన రేకులేసుకొనన్న నేస్తడు మీ బావ. షావుకారు నూలు తీసుకపోతే మల్ల ఇయ్యడు. గంతే అడుగుతున్న. నీ కాళ్లు మొక్కుత."

"అట్లనకక్కా."

"చెప్తవా మరి?"

చెన్నయ్య అంగీ జేబులో చెయ్యి పెట్టాడు. మడతపెట్టిన కాగితం ఒకటి తీసి, అరటిపళ్ల సంచి పక్కన నేలమీద పెట్టాడు.

పద్మమ్మ దాన్ని చూసి వెనక్కి జరిగింది.

"ఏందిది?"

"ఏం లేదక్కా. వాడు అదనపు పని పైసలు అడగడు. మీరు ఇచ్చిన పైసలు అడగొద్దు. పని ఆడికి బందు. టేషనుకు పోయేది లేదు. వనపర్తిల రాసేటోని దగ్గర రాపిచ్చిన. మాట ఇచ్చింది నువ్వు గనుక, సంతకం నీదే కావాలన్నడు రాసేటోడు."

"కాయితం తెచ్చినవా చెన్నా నా ఇంటికి? నువ్వు?"

"సురేష్ పొద్దుగాల ఫోన్ చేసి టేషన్ అన్నడు. వాడు జైల్ల పడితే తక్కిన రెండిండ్లోళ్లు మా మీద పడతరు. నేనేం చెయ్యాలె చెప్పు."

మమత కాగితం అందుకోబోయింది. పద్మమ్మే ముందు తీసుకుంది.

ఆమె బడికి పోలేదు. నూలు చుట్టి వచ్చే పాత పేపర్లు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. ఇప్పుడు కూడా దీపం దగ్గరికి పోయి, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. పైన పేర్లు, ఊళ్లు దాటింది. కింది వరుస దగ్గర వేలు ఆగింది.

"'ఇకమీదట... ఉభయ పార్టీలకు... ఒకరితో ఒకరికి... ఏ విధమైన... సంబంధము లేదని...'"

మళ్లీ మొదటి నుంచి అదే వాక్యం చదివింది.

"సంబంధం లేదని రాపిచ్చినవా?"

"పని సంబంధం అక్కా. పనిది."

"పని అని లేదు ఇక్కడ. ఏ విధమైన అని ఉన్నది."

"రాసేటోడు అందరికీ గట్లనే రాస్తడు. అది వాని వాడుక. మన గురించి కాదు."

"నా పేరు ఉన్నది. నీ కొడుకు పేరున్నది. సాక్షి అని కింద నీ పేరున్నది. మన గురించి కాకుంటే ఎవరి గురించి చెన్నా?"

చెన్నయ్య ముఖం తిప్పుకున్నాడు. "గంత దూరం ఆలోచన చెయ్యకు."

"జర ఒక్క పని చెయ్యి. ఈ సంబంధము అన్నది కొట్టేసి, పని అని రాయి. నేను సంతకం పెడత. ఇల్లు పోనీ, పైసలు పోనీ. ఆ ఒక్క మాట కొట్టేయి."

"కొట్టివేతలుంటే చెల్లదన్నడక్కా."

"మల్ల రాపియ్యి."

"పొద్దున తొమ్మిదింటికి ఈ ఇంటి లొల్లి తెగిందని స్టీలు దుకాణపోనికి ఇది చూపియ్యాలె. చూపిస్తేనే వాడు నెల గడువిస్తడు. నాకింక యాడికి పోవడానికీ ఓపిక లేదక్కా."

పద్మమ్మకు చిన్నప్పటి చెన్నయ్య గుర్తుకొచ్చాడు. తల్లి చనిపోయిన రోజు, అక్కా ఇంగ మనం యాడికి పోవాలె అని ఇదే గొంతుతో అడిగాడు. అప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది.

"రాఖీ పున్నమికి వస్త గద నేను?" అని అడిగింది. "రావొచ్చు గద?"

చెన్నయ్య వెంటనే రమ్మనలేదు. ఆ కాసింత ఆలస్యం గదిలో అందరూ విన్నారు.

"కోడలు జర కోపంగ ఉన్నది. ఈ యాడాది పోనీ," అన్నాడు.

పద్మమ్మ కాగితాన్ని పాత మడతల మీదే మళ్లీ మడిచింది.

"సంతకం పెట్టక్కా. పెడితే ఇయ్యాలటితో లొల్లి తెగుతది."

"వద్దత్తమ్మా," అంది మమత. "పెడితే మన చేతుల ఇంగ ఏముండదు. పైసలు పాయె, గుంట పాయె, అడిగే నోరు గూడ పోతది. రేపు మీ కొడుకు వస్తడు. టేషనుకు పోదాం. ఏది అయితే అది అయితది."

"నోరు ఉండి ఏం చేస్తవు బిడ్డా? వాని దగ్గర ఉంటే గదా ఇచ్చేతందుకు," అన్నాడు చెన్నయ్య.

"లేకుంటే లేదు. కానీ ఏమీ కానట్టు మేమెందుకు రాసియ్యాలె?"

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. పద్మమ్మ ఇద్దరి వైపూ చూడలేక, గోడ దగ్గర కూర్చున్న భర్త వైపు చూసింది. ఆయన అరచెయ్యి ఇంకా నేలమీదే ఉంది.

"కానియ్యి," అన్నాడు కిష్టయ్య.

ఇన్ని రోజుల తరువాత వచ్చిన మాట. గొంతు బొంగురుపోయి ఉంది.

చెన్నయ్య ఒక్క నిట్టూర్పు విడిచి, జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి అక్క చేతిలో పెట్టాడు. "బావ ఒప్పుకున్నడు," అన్నాడు.

అదే క్షణాన మమత కాగితం కొస పట్టుకుంది. "విన్నరా అత్తమ్మా? టేషనుకే పొమ్మంటుండు మామ. ఇటియ్యండి."

ఒక చేతిలో పెన్ను, రెండో చేతిలో కోడలు గుంజుతున్న కాగితం. పద్మమ్మ రెండూ వదల్లేదు.

"ఏది కానియ్యమంటవు?" అని అడిగింది భర్తను.

కిష్టయ్య గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. టార్పాలిన్‌లో కట్టిపెట్టిన పడుగును, సగం నేసిన చీరతో సహా, భుజానికి ఎత్తుకున్నాడు. షావుకారు ఇంటి దిక్కుగా, ఎవరికీ చెప్పకుండా గడప దాటాడు.